ఇంజను మసి - సీసాలోని మందు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో నేడు ఇంజను చప్పుడు వినబడని గ్రామము లేదు. పొలము దున్నుటకు ట్రాక్టరు, మడికి నీరు తోడుటకు డీజిలు పంపు, ఉద్దానపు జీడితోటలలో మందు కొట్టుటకు పెట్రోలు స్ప్రేయరు, సంతకు పోవుటకు ఆటో, భావనపాడు, కళింగపట్నము తీరములందు మరపడవ, పట్టణమునకు పోవలసి వచ్చినపుడు మోటారు సైకిలు లేక ఇతరులు వాడి అమ్మిన కారు - ఇవి అన్నియు మన దైనందిన జీవితములో చేరిపోయినవి. ఇట్టి బండి ఒకటి పొగ విడుచుటయో, ఎత్తు ఎక్కలేక మూలుగుటయో, మునుపటికన్న ఎక్కువ నూనె త్రాగుటయో ఆరంభించినపుడు, "ఈ సీసా టాంకీలో పోసేయండి బాబూ, ఇంజను లోపలంతా కడిగేస్తాది" అను సలహా వినబడుచుండును.

ఈ మాటలో కొంత నిజము కలదు. అంతయు నిజము కాదు. ఎంతవరకు నిజమో ఎరిగినవానికి సకాలమున స్వల్పవ్యయముతో మేలు కలుగును. ఎరుగనివాడు, బోరు పనికి వచ్చిన ఇంజనులో సీసా వెంట సీసా పోసి, తీరా వరికోతలనాడు బండి ఆగిపోగా, సీసాల ఖర్చును, మరమ్మతు ఖర్చును రెండింటిని భరించును. కావున ఈ మందులు ఏమి చేయును, ఏమి చేయజాలవు అను విషయమును ఇచ్చట వివరించుచున్నాము.

మసి ఎచ్చట పట్టును?

పెట్రోలు గాని, డీజిలు గాని పూర్తిగా మండినచో బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మాత్రమే మిగులవలెను. కాని ఇంజనులో మంట ఎన్నడును అంత పరిపూర్ణముగా ఉండదు. మండక మిగిలిన అంశము, వేడికి మాడిన అంశము జిగురుగా, లక్కగా, గట్టి మసిగా లోపల అంటుకొనును. ఇది ముఖ్యముగా నాలుగు చోట్ల చేరును.

మొదటిది, ఇంధనమును చిమ్ము మూతి. పాత మోటారు సైకిళ్లలో ఇది కార్బురేటరులోని సన్నని జెట్టు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజ్ 6 నిబంధనల తరువాత తయారైన ద్విచక్ర వాహనములలో దాదాపు అన్నింటను కార్బురేటరు పోయి ఇంజెక్టరు వచ్చినది. డీజిలు ఇంజనులో దీనిని నాజిలు అందురు. నేటి డీజిలు కార్ల నాజిలు రంధ్రములు 0.1 మొదలు 0.2 మిల్లీమీటర్ల వరకు మాత్రమే ఉండును. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో, ఒక్కొక్క సిలిండరునకు నిమిషమునకు 1,000 పర్యాయములు ఇంధనము అందవలెను. ఇంత సన్నని దారిలో కొద్దిపాటి జిగురు అంటినను చిమ్ముట చెడును. తుంపరగా రావలసిన నూనె ధారగా కారును. అట్టి నూనె సరిగా మండదు.

రెండవది, గాలి లోనికి పోవు వాల్వు వెనుక భాగము. మూడవది, మంట మండు గది, పిస్టను తల. నాలుగవది, ఇంజను ఆయిలు తిరుగు క్రింది భాగము. ఇచ్చట చేరునది ఆయిలు మాడి ఏర్పడిన నల్లని మడ్డి. ఈ నాలుగు చోట్లను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మందు గుణదోషములన్నియు ఈ భేదమును బట్టియే తెలియును.

మందు పనిచేయు విధము

మన ఇండ్లలో కుంకుడుకాయ రసముతో తల రుద్దుకొనుట అందరికి తెలిసినదే. ఆ రసములోని పదార్థపు అణువునకు ఒక కొస జిడ్డును పట్టుకొనును, మరియొక కొస నీటిని పట్టుకొనును. అందుచే జిడ్డు నీటితో కలిసి కొట్టుకొనిపోవును. ఇంధనములో కలుపు శుభ్రకారి మందు కూడ ఇట్టిదే. ఇందు నీటికి బదులు పెట్రోలో, డీజిలో ఉండును. మందు అణువు యొక్క ఒక కొస మసి రేణువును అంటుకొనును, పొడవైన రెండవ కొస ఇంధనములో కరిగియుండును. మసి కొద్దికొద్దిగా విడివడి, ఇంధనముతో గదిలోనికి పోయి, మండి, పొగగొట్టము గుండ వెడలిపోవును.

పెట్రోలు మందులలో ప్రసిద్ధమైనవి రెండు. పాలి ఐసోబ్యుటిలీన్ అమీన్ అనునది జెట్టును, ఇంజెక్టరును, వాల్వును శుభ్రపరచుటకు తగినది. పాలిఈథర్ అమీన్ అనునది ఎక్కువ వేడిని తట్టుకొనును గనుక, మంట మండు గదిలోని మసిని కూడ కొంతవరకు తొలగించును. డీజిలునకు వాడు మందులు వేరు. ఒకదానికి బదులు మరియొకటి పోయరాదు.

ఇక ముఖ్యమైన మాట. ఈ మందు ఇంధనము పోవు దారినే పోవును. ఇంధనము తాకని చోటును మందు తాకదు. ఈ ఒక్క సూత్రము తెలిసినచో దుకాణమువాడు చెప్పు మాటను ఎవరికి వారే తూచుకొనవచ్చును.

గాలి ఫిల్టరులో ఎర్రదుమ్ము నిండినదా? అచ్చటికి ఇంధనము పోదు. మందు పనిచేయదు. క్రింది భాగమున ఆయిలు మడ్డి కట్టినదా? దానికి మందు ఆయిలు మార్చుటయే. రింగులు అరిగి ఆయిలు పైకి వచ్చుచున్నదా? అరిగిన ఇనుమును ఏ సీసాయు తిరిగి పెంచజాలదు. కొన్ని క్రొత్త పెట్రోలు కార్లలో ఇంజెక్టరు నేరుగా మంట మండు గదిలోనికే చిమ్మును. వానిలో గాలి వాల్వు వెనుకకు పెట్రోలు తగలనే తగలదు. కావున అచ్చటి మసిని టాంకులో పోసిన మందు కడుగజాలదు. దానిని మెకానికు విప్పియే తీయవలెను.

వలసపోయినవారి మోటారు సైకిళ్ల సంగతి కూడ ఇట్టిదే. మన ప్రాంతమునుండి పనులకై హైదరాబాదునకు, చెన్నైకి పోయి, నెలల తరువాత మరలివచ్చువారు పెక్కురు. ఇంటిలో నిలిచిపోయిన పాత బండి కార్బురేటరులో పెట్రోలు ఆవిరియై, అడుగున జిగురు మిగులును. జెట్టు పూర్తిగా మూసుకొనిపోయినచో దాని గుండ పెట్రోలే పోదు. పెట్రోలు పోని దారిలో మందు ఎట్లు పోవును? అట్టిదానిని విప్పి కడుగవలసినదే. ఊరు విడుచునపుడు పెట్రోలు కుళాయి కట్టి, ఇంజను తనంత తాను ఆగువరకు నడిపి, కార్బురేటరును ఖాళీచేసినచో ఈ చిక్కు చాలవరకు తప్పును.

మందుల చరిత్ర నేర్పిన పాఠము

ఇంధనములో మందు కలుపుట క్రొత్త సంగతి కాదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు, పెట్రోలు ఇంజనులలో కలుగు 'టకటక' కొట్టుడును అణచుటకు సీసము కలిసిన ఒక పదార్థమును కనుగొనెను. అది ప్రపంచమంతట వ్యాపించెను. కాని మండిన సీసము ప్లగ్గులపై, వాల్వులపై పేరుకొనుచుండెను. దానిని తొలగించుటకు మరియొక రసాయనమును కలుపవలసి వచ్చెను. అంతకు మించి, పొగతో వెలువడు సీసము పసిపిల్లల మెదడునకు హాని చేయునని తేలెను. మన దేశమంతట 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. అట్టి పెట్రోలును బండ్లకు అమ్ముచుండిన చివరి దేశమగు అల్జీరియా 2021లో దానిని మానెను. ఒక లాభమును చూచి కలిపిన మందు నూరేండ్లపాటు ఎంత కీడు చేసినదో దీనివలన తెలియుచున్నది.

మసిని తొలగించు మందులకు అట్టి దోషము లేదు. ఇవి నిజముగా పనిచేయునవే. అమెరికాలో 1995 నుండి అమ్మకమునకు వచ్చు పెట్రోలంతటను కనీస పరిమాణములో శుభ్రకారి మందు ఉండవలెనని నిర్బంధము చేసిరి. అయినను ప్రకటనలు మందుకన్న ఎక్కువ చెప్పుట కలదు. 1970లో అచ్చటి ఒక పెద్ద చమురు సంస్థ 'ఎఫ్-310' అను మందు కలిపిన పెట్రోలును ప్రకటించుచు, పొగగొట్టమునకు బుడగ కట్టి, మందు వాడక ముందు బుడగ నల్లబడుటను, వాడిన పిదప నిర్మలముగా ఉండుటను చూపినది. కాని నల్లబడిన బుడగ గల కారును ముందుగా, మసి పట్టుటకే ప్రత్యేకముగా తయారుచేసిన ఇంధనముతో నడిపియుండిరి. పైగా కంటికి కనబడని విషవాయువులు నిర్మలమైన బుడగలోను ఉండును. ఆ దేశపు వ్యాపార నియంత్రణ సంఘము ఆ ప్రకటనలు తప్పుదారి పట్టించునవని నిర్ణయించినది. మందు అబద్ధము కాదు. దానిని గూర్చి పెంచి చెప్పిన మాట అబద్ధము.

మన ప్రాంతమునకు సమీపమున విశాఖపట్నములో 1957లో కాల్టెక్సు వారి చమురు శుద్ధి కర్మాగారము ఆరంభమైనది. అది 1978లో హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలో చేరినది. నేడు ఇట్టి కర్మాగారముల నుండి వచ్చు ఇంధనము మునుపటికన్న శుభ్రమైనది. భారత్ స్టేజ్ 3 డీజిలులో పది లక్షల పాళ్లకు 350 పాళ్లవరకు గంధకము ఉండవచ్చును. స్టేజ్ 6 డీజిలులో అది 10 పాళ్లకు మించరాదు. చమురు సంస్థలు ప్రత్యేకమైన పేర్లతో ఎక్కువ ధరకు అమ్ము ఇంధనములలో శుభ్రకారి మందులు కలిపియుందురు. అట్టి ఇంధనము పోయించుకొనువారు వేరుగా సీసా కొనుటకు ముందు ఆలోచించుకొనవలెను. ఆక్టేను సంఖ్య 91 అనియు, 95 అనియు వ్రాయుట చూచి, సంఖ్య పెరిగినచో శుభ్రత పెరుగునని కొందరు తలంతురు. ఆ సంఖ్య ఇంజను కొట్టుడును తట్టుకొను శక్తిని మాత్రమే తెలుపును. మసిని కడుగుటతో దానికి సంబంధము లేదు.

పొగ రంగు చూచి రోగము తెలిసికొనుట

సీసా కొనుటకు ముందు పొగను చూడవలెను. నల్లని పొగ వచ్చుచున్నచో, ఇంధనము ఎక్కువై గాలి తక్కువైనదని అర్థము. గాలి ఫిల్టరు మూసుకొనియుండవచ్చును, లేదా నాజిలు సరిగా చిమ్మకపోవచ్చును. మొదటిదానికి ఫిల్టరు శుభ్రపరచిన చాలును. రెండవదానికి, దోషము ఆరంభదశలో ఉన్నచో, మందు ఉపకరింపవచ్చును.

నీలిరంగు పొగ వచ్చుచున్నచో ఇంజను ఆయిలు మండుచున్నది. రింగులో, వాల్వు సీళ్లో అరిగినవి. ఇచ్చట సీసా నిరుపయోగము. తెల్లని పొగ ఉదయమున ఇంజను వేడెక్కువరకు వచ్చి ఆగినచో భయము లేదు. ఎంతసేపటికిని ఆగక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో హెడ్డు గాస్కెట్టు చెడి నీరు లోనికి పోవుచున్నదని అనుమానింపవలెను. అట్టి బండిని వెంటనే ఆపి మెకానికునకు చూపవలెను.

సీసాకు ముందు చేయవలసిన పనులు

గాలి ఫిల్టరును మొదట చూడవలెను. కళ్లములలో, మట్టిరోడ్లపై తిరుగు ట్రాక్టరునకు ఇది త్వరగా నిండును. తరువాత ఇంధన ఫిల్టరు. డీజిలు బండ్లలో ఫిల్టరు అడుగున నీరు నిలుచు గిన్నె ఉండును. దాని మరను వదులుచేసి నీటిని విడువవలెను. సముద్రతీర గ్రామములలో గాలి తేమగా ఉండును. సగము ఖాళీగా ఉన్న టాంకులో, డ్రమ్ములో రాత్రి చల్లదనమునకు ఆ తేమ నీరై అడుగున చేరును. కావున పని ముగిసిన సాయంకాలమే టాంకు నింపియుంచుట మంచిది. నూనెను గుడ్డతోగాక సన్నని జాలితో వడబోసి పోయవలెను.

పెట్రోలు విషయములో మరియొక జాగ్రత్త అవసరము. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట వ్యాపించినది. ఎథనాలు నీటిని ఆకర్షించును. నీరు మితిమీరినచో నీరు, ఎథనాలు కలిసి అడుగునకు దిగి, ఇంజను కదలక మొరాయించును. అదియునుగాక పాత టాంకులలోని జిగురును ఎథనాలు విడదీసి ఫిల్టరునకు చేర్చును. పాత బండి గలవారు ఫిల్టరును తరచు చూచుకొనవలెను. వర్షములో టాంకు మూత బిగుతుగా ఉన్నదో లేదో గమనింపవలెను.

పెట్రోలు కల్తీ అని అనుమానము కలిగినచో, బంకులో ఫిల్టరు కాగితపు పరీక్షను కోరుటకు వినియోగదారునకు హక్కు కలదు. కాగితముపై వేసిన పెట్రోలు చుక్క ఆరిన పిదప మరక మిగులరాదు. కొలతపై సందేహమున్నచో 5 లీటర్ల కొలపాత్రతో కొలిపించుకొనవచ్చును. కల్తీ నూనె పోసి, దాని దోషమును పోగొట్టుటకు మందు పోయుట కన్న ఇది మేలు గదా!

తుఫానుల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. అట్టి విపత్తులలో నీట మునిగిన పంపును, బండిని ఏ మందుతోను బాగుచేయజాలము. మునిగిన ఇంజనును వెంటనే త్రిప్పరాదు. సిలిండరులో నీరు ఉన్నచో అది అణగదు. కనెక్టింగ్ రాడ్డు వంగును. ముందుగా ప్లగ్గును గాని, నాజిలును గాని విప్పి నీటిని వెడలించి, టాంకును ఖాళీచేసి, ఫిల్టర్లను, ఆయిలును మార్చిన పిదపనే ఇంజనును కదపవలెను.

మందు వాడు విధము

పై పనులన్నియు చేసిన తరువాతను బండి బరువుగా లాగుచున్నచో, మైలేజీ తగ్గియున్నచో, అప్పుడు మందు వాడి చూడవచ్చును. బండితో వచ్చిన పుస్తకములో తయారీదారు ఏమని వ్రాసెనో మొదట చూడవలెను. సీసాపై పెట్రోలునకా, డీజిలునకా, ఎన్ని లీటర్లకు ఎంత అని వ్రాసియుండును. ఆ కొలతను మించరాదు. మందు ఎక్కువైనచో మసి పెద్ద పెచ్చులుగా ఊడి ఫిల్టరును, నాజిలును మూసివేయవచ్చును. కొంత మందు రింగుల ప్రక్కగా జారి ఇంజను ఆయిలులో కలియును.

టాంకులో ఇంధనము తక్కువగా ఉన్నపుడు మందు పోసి, వెంటనే టాంకు నింపించినచో రెండును బాగుగా కలియును. తరువాత బండిని నిలిపి ఉత్తగా త్రిప్పుట కన్న, ఆ టాంకు పూర్తియగువరకు రోడ్డుపై మామూలు వేగముతో నడుపుట మంచిది. ఇచ్ఛాపురమునుండి భోగాపురమువైపు జాతీయ రహదారిపై ఆగక సాగు ప్రయాణము, ఊరిలో పది పర్యాయములు ఆగి కదలు ప్రయాణము కన్న ఇంజనుకు మేలు చేయును. ఇంజను ఆయిలు మార్చు కాలము సమీపించినపుడు మందు వాడి, ఆ వెంటనే ఆయిలు మార్చుట యుక్తము. ఒక్క టాంకుతో మునుపటి మసియంతయు పోదు. రెండు టాంకులతోను మార్పు కనబడనిచో మూడవ సీసా కొనక, నాజిళ్లను పరీక్షించు పనిశాలకు పోవలెను.

ఎన్నడును పోయరానివి

డీజిలులో కిరసనాయిలు కలుపరాదు. డీజిలునకుగల జిడ్డు గుణమే పంపును అరుగకుండ కాపాడును. కిరసనాయిలునకు ఆ గుణము తక్కువ. పెట్రోలులో కలరా ఉండలు వేయు అలవాటు కొందరికి కలదు. ఆ ఉండలు పెట్రోలులో కరుగును గాని, పెట్రోలు ఆవిరియైనచోట మరల గట్టిపడి జెట్టును మూయును. రంగులలో కలుపు తిన్నరు రబ్బరు గొట్టములను, సీళ్లను పాడుచేయును. లోహము కలిసిన మందులు క్రొత్త బండ్ల పొగగొట్టములోని శుద్ధి పరికరమును చెరచును.

క్రొత్త లారీలకు యాడ్‌బ్లూ అను ద్రవము పోయుదురు. అది ఇంధనపు మందు కాదు. నూటికి 32.5 పాళ్లు యూరియా కలిసిన నీరు అది. దానికి వేరు టాంకు కలదు. పొరపాటున డీజిలు టాంకులో పోసినచో ఇంజనును త్రిప్పక, టాంకును కడిగించవలెను. అట్లే రెండు స్ట్రోకుల స్ప్రేయరు పెట్రోలులో కలుపు 2టి ఆయిలు ఇంజను భాగములు రాసుకొనకుండ కాపాడునదేగాని, మసిని కడుగునది కాదు. దానిని మానరాదు. నాలుగు స్ట్రోకుల బండిలో దానిని కలుపరాదు.

అన్నింటికి మించిన జాగ్రత్త మనుష్యులను గూర్చినది. టాంకునుండి నూనె తీయుటకు గొట్టమును నోటితో పీల్చుట పల్లెలలో నేటికిని కలదు. ఆ నూనె ఒక్క గుక్క ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణాపాయము కలుగవచ్చును. చేతిపంపు వాడవలెను. మిగిలిన మందును శీతల పానీయపు సీసాలలో పోసి ఇంటిలో ఉంచరాదు. పిల్లలు త్రాగు ప్రమాదము కలదు. ఎవరైనను త్రాగినచో బలవంతముగా వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని మన పెద్దలు చెప్పిరి. శుభ్రమైన నూనె, శుభ్రమైన గాలి, సకాలమున మార్చిన ఆయిలు - ఈ మూడును ఉన్న ఇంజనులో త్రొక్కవలసిన అడుసు తక్కువ. అప్పటికిని నాజిలుపై పేరుకొన్న మసికి సీసాలోని మందు కొంత సాయము చేయును. మెకానికు పనికి అది బదులు కాదు. రైతు సోదరులు, ఆటో నడుపువారు, పడవ యజమానులు సీసా కొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొందురు గాక: మన ఇంజను రోగము ఇంధనము పోవు దారిలోనే ఉన్నదా? ఉన్నదని తోచినప్పుడే కొనవలెను. లేనిచో ఆ సొమ్మును ఫిల్టరునకు, ఆయిలునకు వినియోగించుట మేలు.